నేల తాకని చెంబు

జానకి అరచేయి ఇప్పుడు నా ఎడమ చేతిలో ఉంది. నిద్రలో పిడికిలి సగం విచ్చుకుంది. చెమటతో తడిగా, కాస్త జిగటగా, సాయంత్రం తిన్న బెల్లం వాసన ఇంకా వదలకుండా ఉంది. కుడిచేత్తో ఇది రాస్తున్నాను. దీపం తగ్గించి పడుకోమని ఆయన ఇప్పటికే రెండుసార్లు అన్నారు. పిల్ల చేయి తడిగా తగిలితేనే నాకు ప్రాణం కుదుటపడుతుందని ఆయనకు తెలియదు, ఎందుకంటే ఆ చేయి పొడిగా తగిలిన రోజు ఆయన మాతో లేరు. కిందటేడు ఉగాది దాటిన తర్వాత, పాలమూరు ఊరవతలి గుట్టల మీద, ఎండ నడినెత్తికెక్కిన వేళ, అంతవరకూ నా వేళ్లలోంచి చేపపిల్లలా జారిపోతూ వచ్చిన ఆ చేయి ఉన్నట్టుండి జారడం మానేసింది. ఎండుటాకులా, వేడిగా, నా చేతిలో నిలిచిపోయింది. అడుగడుక్కీ "అమ్మా, దూప" అని నీళ్లకోసం ప్రాణం తీసిన పిల్ల ఆ మాట అనక చాలాసేపైందని కూడా నాకు అప్పుడే తట్టింది. మొదటిసారి భయం వేసింది ఆ క్షణంలోనే. ముందు నడుస్తున్న వీరమ్మవ్వ మాత్రం వెనక్కి తిరిగి, "చూడు, పోరి ఏడుపు బందు జేసింది. గుట్ట అలవాటైంది" అంది సంతోషంగా.

వీరమ్మవ్వ సంగతి ఆమెను చూడనివాళ్లకు చెప్పడం కష్టం. పాలమూరులో మేము కిరాయికున్న ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య సగం కూలిన మట్టిగోడ ఒకటి ఉండేది. ఆ కూలిన చోట రెండు మోచేతులూ ఆనించి నిలబడి ఆమె నా సంసారాన్ని పరిపాలించేది. గొల్లవాళ్ల ఇల్లు. మందలో సగం అమ్మి కొడుకును చదివించింది. మిగతా సగం కరువుకు పోయింది. ఎముకలు తేలిన పొడుగు మనిషి, ఎండాకాలంలో కూడా భుజాన నల్ల గొంగడి. నేను పట్నంలో కాలేజీ చదువు చదివి వచ్చినదాన్నని తెలిసిన రోజు నుంచి నా పేరు తీసేసి "సదువుకున్నదానా" అని పిలవడం మొదలుపెట్టింది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెక్కిరింత ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

నేను నీళ్లు కాచి చల్లార్చి పిల్లలకు పోస్తే, "నీళ్లను గూడ వండుతరా?" అనేది. జానకి అన్న రఘుకు చలి తగలకుండా చెవులకు గుడ్డ కడితే, గోడ మీద నుంచే చేయి చాపి ఆ గుడ్డ లాగేసేది. నాకు మొదటి నుంచీ ఒక జబ్బుంది. పిల్లలు పడుకున్నాక ఒకరి తర్వాత ఒకరి నుదురు తాకి చూస్తాను. కాసేపటికి మళ్లీ లేచి చూస్తాను. ఆరుబయట మంచాలు వేసుకున్న ఒక ఎండాకాలం అదంతా చూసి ఆమె అంది: "గట్ల ముట్టి ముట్టి పోరగాండ్లను అరగదీస్తవు, చూడు." నాకు ఒళ్లు మండింది. మీ పని మీరు చూసుకోండని అందామనుకున్నాను. అనలేదు. అంటే ఆమె నవ్వేది, అది ఇంకా మండేది.

ఆమె కొడుకు పేరు మల్లేశు. బడి గోడ మీద సర్కారుకు పడని మాటలు రాశాడని ఆ ఉగాదికి ముందటి చలికాలంలో పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఆ రోజుల్లో అలా పోయినవాళ్లు ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో చెప్పేవారు లేరు. మావారు తాలూకా కచేరీలో గుమాస్తా. "ఆ ఇంటితో రాకపోకలు జర తగ్గించు, కచేరీలో అడుగుతున్నారు" అని మెల్లగా అన్నారు. రాకపోకలు నేను తగ్గించడమేమిటి? గోడ కూలిందే మా వైపుకు.

ఉగాది వెళ్లిన వారానికి ఆయన పైఅధికారితో ఊళ్లు తిరిగే దౌరాకు వెళ్లారు. ఆ మరునాడే వీరమ్మవ్వ గోడ దగ్గరకు వచ్చి, "సోమవారం పొద్దుగాల తయారుండు. మూడు గుట్టలు తిరగాలె" అంది. అడగడం కాదు, చెప్పడం. మూడు గుట్టల మొక్కు ఆమె కొడుకు పుట్టినప్పటి నుంచీ ఏటా తీరుస్తున్నదే. మొదటి గుట్ట మీద రాతిలో ఎప్పుడూ ఇంకని నీటి గుంట ఒకటి ఉంది, దొన అంటారు. అక్కడి నీళ్లు చెంబుతో ముంచుకుని, ఎల్లమ్మ గుడి ఉన్న రెండో గుట్ట ఎక్కి దిగి, మూడో గుట్ట కొసన ఉన్న మల్లయ్య లింగం మీద పోయాలి. దారిలో ఆ చెంబు ఎక్కడా నేలకు తగలకూడదు. తగిలితే మళ్లీ దొన దగ్గరికి పోవాల్సిందే. చేతులు మారొచ్చు, అంతే. దొన దగ్గర తాగిన నీళ్లే తాగడం. మల్లయ్యకు పోసేదాకా పెద్దవాళ్ల నోట్లో చుక్క పడకూడదు. ఇన్నేళ్లూ చెంబు అందుకోవడానికి పక్కన కొడుకు ఉండేవాడు. ఈ ఏడు మొక్కు కొడుకు తిరిగి రావాలని. అందుకోవడానికి మాత్రం ఎవరూ లేరు. ఈ సంగతి ఆమె చెప్పలేదు, చెప్పి ఉంటే నాకు కాదనడం ఇంకా కష్టమయ్యేది. "పిల్లలున్నారు కదవ్వా" అన్నాను. "తోల్కరా. కాళ్లున్నయి గద వాండ్లకు" అంది.

నేను మోసుకెళ్లినవి తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. గొడుగు, దూది, అయోడిన్ సీసా, పెరుగన్నం గిన్నె, జొన్నరొట్టెలు, పిల్లలకు మార్చడానికి బట్టలు, కాచి చల్లార్చిన నీళ్లు నిండుగా పోసిన సొరబుర్ర. పసిపిల్లలకు పట్టింపు లేదని ముందే అడిగి ఖరారు చేసుకున్నాను. వీరమ్మవ్వ చేతిలో రాగి చెంబు, భుజాన గొంగడి, అంతే. నా సంచులు చూసి, "ఏం బిడ్డా, గుట్ట మీద కాపురం పెడ్తవా?" అంది.

మొదటి గుట్ట చల్లని పొద్దులో హాయిగా ఎక్కేశాం. సీతాఫలం పొదలు ఆకు రాలి కట్టెలై ఉన్నాయి, బండల సందుల్లో అక్కడక్కడ మోదుగులు మాత్రం ఎర్రగా పూసి ఉన్నాయి. దొనలో నీళ్లు నల్లగా, చల్లగా ఉన్నాయి. ఆమె కొంగు నడుముకు చుట్టి, వంగి, చెంబు ముంచి పైకెత్తింది. ఆ క్షణం నుంచి ఆమె నడక మారిపోయింది. అంతవరకు లొడలొడ మాట్లాడిన మనిషి, భుజాన నిద్రపోతున్న బిడ్డను మోస్తున్నట్టు నడిచింది. ఏటవాలు వచ్చినచోట చెంబు నాకు అందించి, తాను ఎక్కి, మళ్లీ అందుకునేది. అందించేటప్పుడల్లా ఒకటే మాట: "పయిలం. నువ్వు పడ్డా మంచిదే, చెంబు పడొద్దు." పడితే పిల్లల తల్లిని కదా అని నేను, చెంబుకు తల్లి లేదు కదా అని ఆమె. ఇలా రెండో గుట్ట దాకా పోట్లాడుకుంటూనే వెళ్లాం.

ఎల్లమ్మ గుడి దగ్గర కోతులున్నాయి. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు. నేను పసుపు కుంకుమలు తీస్తుండగా ఒక ముసలి కోతి పద్ధతిగా నడిచివచ్చి, నా సంచి చూసి, అన్నం గిన్నె వదిలేసి, సొరబుర్ర తీసుకుపోయింది. రఘు తరిమాడు. అది బండ మీదికెక్కి, మూతికి పెట్టుకుని, నీళ్లు రాకపోయేసరికి విసుగొచ్చి కిందికి విసిరేసింది. బుర్ర బండలకు కొట్టుకుంటూ, పగులుతూ, నీళ్లు చిమ్ముకుంటూ లోయలోకి పోయింది. నేను అక్కడే కూర్చుని ఏడవాల్సింది. "దానికి గూడ దూపైనట్టుంది పాపం" అంది వీరమ్మవ్వ.

"ఇక్కడి నుంచే దిగిపోదామవ్వా. పిల్లలకు నీళ్లు లేవు" అన్నాను.

"మూడో గుట్ట దాటితే అవతల బాయి ఉన్నది. ఎనుకకు పోయే దూరమే ముందుకు పోయే దూరం. సదువుకున్నదానివి, లెక్క చూసుకో."

లెక్క నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. కానీ ఆ లెక్కలో ఎండ లేదు. మూడో గుట్టకు పోయే దారిలో చెట్టు లేదు, ఒట్టి నల్లబండ. కింద నుంచి వేడి, పైనుంచి వేడి. గొడుగు జానకి మీద పట్టాను. బండ సెగకు గొడుగేం చేస్తుంది? మల్లయ్య గుడి జెండా కొసన కనిపిస్తోంది. కేకేస్తే వినిపించే దూరంలో ఉంది. అప్పుడే పిల్ల చేయి పొడిగా తగిలింది.

కూర్చోబెట్టి చూశాను. బుగ్గలు ఎర్రగా కందిపోయి, మెడ, వీపు ఎక్కడా చెమట లేదు. "జానకీ" అంటే, "మేకలు వచ్చినయి, తలుపు వెయ్యి" అంది. అక్కడ మేకలూ లేవు, తలుపూ లేదు. రఘు నా వైపు చూసి ఏడుపు మొహం పెట్టాడు.

"చెమట రాలేదంటే మంచిదే. గట్టి పిల్ల" అంది వీరమ్మవ్వ.

అప్పుడు నేను అరిచాను. ఆమె మీద ఎన్నాళ్లుగానో మింగుకుంటూ వచ్చిందంతా ఆ అరుపులో ఉంది. "ఏం మంచిదవ్వా! చెమట ఆగిందంటే లోపలి మంట బయటికి పోతలేదు. ఇంకొంచెం సేపు ఇట్లనే ఉంటే పిల్ల దక్కదు. ఎండదెబ్బ అంటే ఏందో తెలుసా నీకు?"

ఆమె నా పక్కన కూలబడింది. చెంబు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేయి జానకి గౌను కిందనుంచి పొట్ట మీద పెట్టింది. కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత తలెత్తి జెండా వైపు చూసింది. నేను చెంబు వైపు చూస్తున్నాను. అడుగుదామని నోరు తెరిచాను. అది ఆమె కొడుకు ప్రాణం. నా బిడ్డ ప్రాణం కోసం దాన్ని ఎట్లా అడగాలో నాకు తెలియలేదు. అడగకపోతే లాక్కునేదాన్నేమో, అదీ తెలియదు. ఆ అవసరం ఆమె రానివ్వలేదు. గుట్ట కొస వైపు మొహం ఎత్తి, గోడ మీద నుంచి నాతో మాట్లాడే గొంతుతోనే, "మల్లయ్యా, గివి ఇప్పుడు నీయి గావు. మల్ల తెస్త" అని, చెంబు వంచింది.

తల మీద, మెడ మీద, చంకల కింద. ఒక బండ నీడలోకి పిల్లను లాక్కుపోయి, గౌను విప్పి, నా కొంగు తడిపి ఒళ్లంతా తుడిచాను. కొంగు కొస నోట్లో పిండాను. వీరమ్మవ్వ గొంగడిని రెండు చేతులా పట్టుకుని విసనకర్రలా విసురుతూ నిలబడింది. అంత బరువైన గొంగడి. ఆపమన్నా ఆపలేదు. ఎంతసేపో చెప్పలేను. జానకి కళ్లు తెరిచి, "అమ్మా, దూప" అంది. ఆ మాట అంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. అడుగున మిగిలిన నీళ్లు గుక్కగుక్కగా తాగించాం. ఇంకాసేపటికి లేచి కూర్చుని, "ఉచ్చొస్తుంది" అంది. అంతకంటే మంచి కబురు ఇంకొకటి లేదు. బండ పక్కన కూర్చోబెడితే అది ఏటవాలు బండ మీదుగా సన్నగా పారింది. వీరమ్మవ్వ గొంగడి వదిలేసి, బండకు ఆనుకుని, పళ్లులేని చిగుళ్లన్నీ కనిపించేలా నవ్వింది. "ఓ మల్లయ్యా, ఈ యేటికి నీకు గిదే!" అంది. నేనూ నవ్వాను, ఏడ్చాను, రెండూ కలిపి చేశాను.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. గుడి ఎదురుగానే ఉంది. "ఇంత దూరం వచ్చాం, పోయి దండమన్నా పెట్టి రా అవ్వా, మేము నీడలో కూర్చుంటాం" అన్నాను. పోనంది. ఉత్త చేతులతో దేవుని ముఖం ఎట్ల చూడాలె అంది. అవతలి బావి నీళ్లు తెచ్చి పోయొచ్చు కదా అంటే, దొన నీళ్లు మొక్కుకుని బావి నీళ్లు పోస్తే సంతల మోసం చేసినట్టే అంది. నాకు ఓపిక చచ్చిపోయింది.

"అవ్వా, పసిపిల్ల ప్రాణం పోతుంటే పోశావు. దేవుడికి ఆ మాత్రం అర్థం కాదా?"

"ఎందుకు గాదు, అయితది. అర్థం జేసుకునుడు ఆయన పని. తెచ్చి పోసుడు నా పని. ఆయన పని ఆయన జేసిండని నా పని నేను ఇడుస్తనా?"

కాలేజీలో తర్కం చదువుకున్నాను. ఆ తర్కాన్ని అక్కడే వదిలేసి జానకిని ఎత్తుకున్నాను.

అవతలి బావి దగ్గర పిల్లలకు కడుపునిండా నీళ్లు తాగించాను, నేనూ తాగాను. వీరమ్మవ్వ ముట్టలేదు. మల్లయ్య తాగలేదు కదా, నేనెట్ల తాగుతా అంటుంది. బతిమాలాను, తిట్టాను. చివరికి రఘు దోసిలిలో నీళ్లు తెచ్చి, "అవ్వా, మా చెల్లె తాగింది గద, నువ్వు కూడా తాగు" అంటే, వాడి మొహం చూసి పుక్కిలించి ఉమ్మింది. అంతవరకే. ఎండ చల్లబడ్డాక జానకిని నేనెత్తుకుని బయల్దేరాం. దిగేటప్పుడు ఒక బండ మీద కాలు జారి ఆమె మోకాలు మడతపడింది. పడుతూ కూడా చెంబు పైకెత్తి పట్టుకుంది. "ఉత్త చెంబే కదవ్వా!" అని మొత్తుకున్నాను. "అలవాటు" అంది లేస్తూ.

ఇంటికి చేరేసరికి ఆ మోకాలు కుండలా వాచింది. పొద్దుగుంకే వేళ గోడవతల చింతపండుతో చెంబు తోముతున్న చప్పుడు వినిపించింది. గోడ దగ్గరికెళ్లి, "రేపు ఎవరు పోతారు?" అని అడిగాను. "ఇంకెవరు? నేనే" అంది. "ఆ మోకాలితోనా?" "మోకాలు నాది గదా, నీకేం ఫికర్? పోయి నీ పోరగాండ్ల నుదురు ముట్టుకోపో."

నిన్న, మావారి బదిలీ మీద మేము వచ్చిన ఈ నల్లగొండ ఇంటికి మల్లేశు వచ్చాడు. వర్షాకాలంలో జైలు నుంచి వదిలారట, బాగా చిక్కిపోయాడు. వీరమ్మవ్వ పోయి నెల దాటిందని చెప్పాడు. కొడుకును చూసుకుని, కొన్నాళ్లు కోడికూర వండిపెట్టి, ఆ తర్వాతే పోయిందట. "మొక్కు ఫలించింది కదా అంటే అవ్వ ఏమనేదో తెలుసా అక్కా? నీళ్లకు వచ్చిండని నేననను, పోయకపోతే మాత్రం రాడేమోనని బుగులుతోని సచ్చేదాన్ని అనేది." అంటూ అతను గడప దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు, కూర్చోమంటే కూర్చోలేదు. రెండు చేతులా ఆ రాగి చెంబు పట్టుకుని ఉన్నాడు. "మీకిమ్మన్నది. చేతిలకే ఇమ్మన్నది, కింద పెట్టొద్దన్నది" అన్నాడు. ఉత్త చెంబు. పాలమూరు నుంచి బస్సుల్లో, బండ్లలో అంత దూరం కింద పెట్టకుండా తెచ్చాడు. పోతూ పోతూ కూడా నాకు పని చెప్పిపోయింది ఈ మనిషి. ఇప్పుడది ఈ బల్ల మీద, దీపం పక్కన ఉంది. బల్ల నేల కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదనుకుంటాను. ఏదైనా మాట ఇచ్చి, తప్పనిసరై తప్పినప్పుడు, ఎదుటివాళ్లు పర్వాలేదని అన్నా కూడా నాకు ఇప్పుడు ఊరుకోబుద్ధి కాదు. పాడు అలవాటు. ఆ గుట్ట మీదే అంటించింది.

గుట్టల నుంచి తిరిగొచ్చిన మరునాటి ఉదయం సంగతి చెప్పి ముగిస్తాను. చీకటి విడకముందే గోడవతల తలుపు చప్పుడైంది. లేచి చూస్తే వీరమ్మవ్వ కర్ర ఊతంగా, చెంబు చేతబట్టుకుని, వాకిట్లో ఒక్కో అడుగే వేస్తోంది. గోడ దాటి వెళ్లి చెంబు పట్టుకున్నాను. ఆమె వదల్లేదు. "నా మొక్కు నువ్వెట్ల తీరుస్తవు?" అంది.

"నీ మొక్కు నీళ్లు నువ్వు మోసుకుపోయావు. తాగింది నా బిడ్డ. తాగినవాళ్లు తెచ్చిపెట్టాలా, పోసినవాళ్లు తెచ్చిపెట్టాలా? నువ్వే చెప్పు."

కర్ర మీద బరువు మార్చుకుంది. తర్వాత చెంబు వదిలింది. ఆమెతో నేను గెలిచిన వాదన అదొక్కటే. ఆ గుట్టల వైపు కట్టెలకు పోయే ఆడవాళ్లు వీధి చివర గుమిగూడుతున్నారు. వాళ్లతో కలిసి పోవచ్చు. పిల్లలను ఒక్క పూట కూడా ఎవరికీ వదలని నేను, నిద్రమొహాలతో ఉన్న ఇద్దరినీ తీసుకెళ్లి ఆమె మంచం మీద కూర్చోబెట్టాను. కుండ నిండా నీళ్లు పెట్టాను. కాచలేదు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు రఘు.

"నిన్న మల్లయ్య నీళ్లు మనం తాగేశాం కదా. తెచ్చి పోసి వస్తా."

"దేవుడు అడిగిండా?"

"అడగలేదు. అందుకే పోతున్న," అన్నాను. "అవ్వ చెప్పినట్టు వినండి. అవ్వ నీళ్లు తాగనంటుంది, నేను పోసేదాకా ఆమెను సతాయించకండి. రఘూ, నువ్వు మాత్రం చెల్లె చెయ్యి అప్పుడప్పుడు పట్టుకుని చూస్తుండు. తడిగా ఉంటే మంచిదే."